సన్న పుస్తకం, లావు పుస్తకం

మా అమ్మకి ఇంగ్లీషు వచ్చు.

వేలిముద్ర మనిషి. అయినా వచ్చు. ఒకరోజు పక్కన కూర్చోబెట్టుకుని లెక్కపెట్టాను. మస్టరు, మేటు, కాంట్రాక్టరు, ఓవర్సీరు, సిమెంటు, కాంక్రీటు, లారీ, టిప్పరు, రోలరు, గేటు, డ్యూటీ, పేమెంటు... నలభై దాటినాయి. అవన్నీ సోమశిల డ్యామ్ దగ్గర నేర్చుకున్నవి. 1970లలో పెన్నకి అడ్డంగా ఆ పని మొదలై ఏళ్ళ తరబడి సాగింది. మా చుట్టుపక్కల మాదిగపల్లెలూ మాలపల్లెలూ తట్టా పారా పట్టుకుని అక్కడికే పోయినాయి. పెళ్ళికాక ముందు మా అమ్మ ఆ కట్టకి మట్టి మోసింది. మస్టర్లో పేరు లేకపోతే పేమెంటు లేదు. మస్టరు అనే మాటే తెలియకపోతే, నా పేరెందుకు ఎక్కించలేదని అడిగే దారి లేదు. అందుకని నేర్చుకుంది. ఆ మాట ఆమెకి ఎవరూ సులభం చేసి చెప్పలేదు.

ఆ డ్యామ్‌లో 78 టీఎంసీల నీళ్ళు నిలుస్తాయి. కిందికి పెన్నా డెల్టాకి పోతాయి. కండలేరు మీదుగా మద్రాసు జనం తాగేదానికి పోతాయి. ఎత్తున ఉన్న ఉదయగిరి మెట్టకి మాత్రం తమంతట తాము ఎక్కవు. మోటార్లు పెట్టి ఎత్తిపొయ్యాల్సిందే. కట్టకి మట్టి మోసిన వాడలు ఎన్నో ఆ మెట్టలోనే ఉన్నాయి.

నేనిప్పుడు ఆ మెట్టలోనే ఒక హైస్కూల్లో ఇంగ్లీషు టీచర్ని. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని. ఇంగ్లీషు గురించి మనవాళ్ళు మాట్లాడేటప్పుడల్లా నాకు ఈ నీళ్ళే గుర్తొస్తాయి. ఇంగ్లీషు కావాలా వద్దా అనేది మనకి ఎప్పుడో తెగిపోయిన తగువు. కావాలి. 2010లో చంద్రభాన్ ప్రసాద్ ఉత్తరప్రదేశ్‌లోని బంకా గ్రామంలో ఇంగ్లీషు దేవతకి గుడి తలపెట్టింది ఊరికే కాదు. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం ఉత్తర్వు ఇచ్చినప్పుడు తెలుగు చచ్చిపోతుందని ఏడ్చిన పెద్దమనుషులను చూశాం. 2020 ఏప్రిల్లో హైకోర్టు దాన్ని కొట్టేసినప్పుడు సంబరపడిన వాళ్ళనీ చూశాం. వాళ్ళ పిల్లలూ మనవళ్ళూ ఏ బడుల్లో చదువుతున్నారో మనకి తెలుసు.

కానీ కావాలి అన్న తర్వాత ఇంకో ప్రశ్న ఉంది. ఎట్లా? ఏ పుస్తకంతో? మెట్టకి నీళ్ళెక్కించే మోటారు ఏది? దీని గురించి మన సభల్లో తక్కువ మాట్లాడుకున్నాం. పెద్ద పుస్తకాన్ని తీసుకుని, కష్టమైన మాటలు తీసేసి, తెలిసిన మాటలతో కుదించి రాసే పుస్తకాలుంటాయి. అటువంటివి మా తరగతిలో నాన్‌డిటెయిల్డ్ కింద చదివించేవాళ్ళు. అవి మన పిలకాయలకి మేలు చేస్తాయా, కీడు చేస్తాయా? నా బతుకులో ఈ ప్రశ్నకి రెండు జవాబులూ ఉన్నాయి. రెండూ చెప్తాను.

* * *

మా తాత చెప్పులు కుట్టేవాడు. ఇంటి వెనక లంద ఉండేది. తంగేడు చెక్క వాసన, పచ్చితోలు వాసన కలిసి మా గుడ్డలకి పట్టేవి. బడిలో నా పక్కన కూర్చున్న పిల్ల ముక్కు మూసుకునేది. నాయన కాలానికి రబ్బరు చెప్పులొచ్చి ఆ పని పోయింది. ఆరె, రంపె చూర్లో చెక్కి నాయన కయ్యల్లో కూలికి పోయాడు.

బడిలో మాకు ఇంగ్లీషంటే బోర్డు మీది బొమ్మ. అయ్యవారు రాస్తాడు, మేం దించుకుంటాం. ప్రతి ఇంగ్లీషు మాట మీదా చిన్నగా తెలుగు అక్షరాలతో ‘ది’, ‘బాయ్’, ‘ఈజ్’ అని రాసుకుని దాన్ని చదివేవాళ్ళం. మేం చదివింది ఇంగ్లీషు కాదు, ఇంగ్లీషు మీద కూర్చున్న తెలుగు. పరీక్షకి గైడు. గైడులో జవాబు బట్టీ. ‘ఎస్సే రాయమంటే ఆవు గురించి రాయి’ అనేవాళ్ళు. ఆవు చచ్చినాక దాన్ని మోసుకొచ్చే ఇంటిదాన్ని నేను. ఆ సంగతి మాత్రం ఆ ఎస్సేలో లేదు.

2003లో తొమ్మిదో తరగతికి సాంఘిక సంక్షేమ హాస్టల్లో చేరాను. ఏ ఊరని చెప్పను. అక్కడ ఒక గోతాంలో పాత పుస్తకాలు వచ్చి పడ్డాయి. ఎవరో ఇళ్ళు ఖాళీ చేసేటప్పుడు ఇచ్చినవి. అందులో అట్ట ఊడిపోయిన సన్న పుస్తకం ఒకటి దొరికింది. ఎనభై పేజీలుండొచ్చు. లావు అక్షరాలు, మధ్యమధ్య బొమ్మలు. ఒక బొమ్మలో ఒక పిల్లోడు గిన్నె పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎదురుగా బొజ్జ మనిషి కళ్ళు పెద్దవి చేసుకుని చూస్తున్నాడు. చార్లెస్ డికెన్స్ రాసిన ఆలివర్ ట్విస్ట్‌ని కుదించిన పుస్తకం అది. అప్పటికి నాకు డికెన్స్ తెలియదు. గిన్నె తెలుసు.

మా హాస్టల్లో చారు నీళ్ళలాగా ఉండేది. అన్నం కొలిచి పెట్టేవాళ్ళు. నాకన్నా చిన్నది, ఏడో తరగతి పిల్ల ఒకరోజు కంచం పట్టుకుని రెండోసారి పోయింది. ‘మీ ఇండ్లల్లో మూడు పూటలా తిని వచ్చినట్టే ఉండారే, పో’ అన్నారు. ఆ పిల్ల కంచం కడుక్కుని పోయి పడుకుంది. ఆ వారంలోనే నేను ఈ బొమ్మ చూశాను.

కూడబలుక్కుంటూ చదివాను. ఆశ్చర్యం ఏమిటంటే, అర్థమవుతోంది! లైనుకి ఒక మాట కూడా తెలియనిది లేదు. తెలియనిది వచ్చినా పక్క మాటల్ని బట్టి తెలిసిపోతోంది. అదే మాట ఇంకో రెండు పేజీల తర్వాత మళ్ళీ వచ్చేది. అప్పుడు పాత చుట్టంలాగా ఉండేది. మూడు వారాల్లో పూర్తిచేశాను. రాత్రిళ్ళు కరెంటు పోయినప్పుడు మా గదిలో పిల్లలకి ఆ కతంతా తెలుగులో చెప్పాను. ‘వాడూ మన హాస్టలోడేనేమే?’ అని అడిగింది ఒక పిల్ల. ‘ఏ కులమోడు?’ అని అడిగింది ఇంకొకతె. నాకు తెలియలేదు. పుస్తకంలో లేదు.

అది నేను మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ వరకు చదివిన మొట్టమొదటి ఇంగ్లీషు పుస్తకం. గైడు లేకుండా, అయ్యవారు లేకుండా, నా అంతట నేను. ఆ ధైర్యం ఎట్లాంటిదో ఇంట్లో పుస్తకాలుండి పెరిగిన వాళ్ళకి చెప్పినా తెలియదు. కాబట్టి మొదటి జవాబు ఇది: మేలు చేస్తాయి. నాకు చేశాయి.

* * *

డిగ్రీలో చేరాక లైబ్రరీలో ఇట్లాంటివే ఇంకో నాలుగైదు దొరికాయి. ఒకటి తెచ్చుకుని క్లాసులో డెస్కు కింద పెట్టుకుని చదువుతున్నాను. లెక్చరరు చూశాడు. పుస్తకం తీసుకుని పైకెత్తి అందరికీ చూపించాడు. ‘ఇవి కాన్వెంటులో మూడో క్లాసు పిల్లలు చదివేవి. రిజర్వేషన్లో డిగ్రీకి వస్తే ఇట్లాగే ఉంటది’ అన్నాడు. క్లాసు నవ్వింది. మనవాళ్ళు కూడా నవ్వారు. ఆ నవ్వే ఎక్కువ బాధపెట్టింది.

తర్వాత ఆ సన్న పుస్తకాలు ముట్టలేదు. పౌరుషానికి లావు పుస్తకాలు తెచ్చుకునేదాన్ని. గుండెకి ఆనించుకుని నలుగురికీ కనిపించేటట్టు నడిచేదాన్ని. మొదటి పేజీ దాటలేదు. పేజీకి యాభై మాటలు తెలియవు. నిఘంటువు తీస్తే ఒక్కో మాటకి ఆరు అర్థాలు. ఏడాదిన్నర పాటు నేను ఇంగ్లీషులో ఒక్క పుస్తకమూ చదవలేదు. మోసాను, అంతే. అమ్మ మట్టి తట్ట మోసింది. నేను పుస్తకాలు మోశాను. అమ్మకి కూలయినా వచ్చింది.

సన్న పుస్తకం చదవడం తప్పు కాదు, సిగ్గుపడి మానేయడం తప్పని తెలుసుకునే సరికి బీఈడీకి వచ్చాను. అక్కడ మళ్ళీ మొదటి నుంచీ మొదలుపెట్టాను. సన్నవి, ఇంకొంచెం లావువి, ఇంకొంచెం లావువి. రెండేళ్ళ తర్వాత ఆలివర్ ట్విస్ట్ అసలు పుస్తకం పట్టుకున్నాను. నాలుగు నెలలు పట్టింది.

అప్పుడు తెలిసింది నా ఎనభై పేజీల్లో లేనిదేమిటో.

పిల్లోడు ఉన్నాడు, గిన్నె ఉంది, ఆకలి ఉంది. లేనిది కోపం. ఆ అనాథల ఇంటిని నడిపే పెద్దమనుషుల బోర్డు ఒకటి ఉంది. పేదవాళ్ళు సుఖం మరిగారని, సోమరులయ్యారని తీర్మానం చేసి, గంజి ఎంత పొయ్యాలో, వారానికి ఉల్లిపాయలెన్నో లెక్కకట్టి పెట్టింది ఆ బోర్డే. 1834లో ఇంగ్లండులో వచ్చిన పేదల చట్టం వెనక ఉన్న బుద్ధిని డికెన్స్ పేజీల కొద్దీ ఎగతాళి చేశాడు. మర్యాదగా నవ్వుతున్నట్టే ఉంటుంది, చురకత్తిలాగా ఉంటుంది. కుదించినాయన అదంతా తీసేశాడు. కష్టమైన వాక్యాలు కదా! మిగిలింది ఏమిటంటే, పాపం ఒక మంచి పిల్లోడు, కొందరు చెడ్డవాళ్ళు, చివరికి ఒక దయగల ముసలాయన. అన్నం కొలిచినోడి పేరు పోయి, ఆకలి ఒక్కటే మిగిలింది.

హాస్టల్లో ఆ పిల్ల ‘ఏ కులమోడు?’ అని అడిగింది గుర్తొచ్చింది. తప్పు ప్రశ్న కాదు. ఎవరు ఎవరికి కొలిచి పెడుతున్నారని అడిగింది. దానికి జవాబు సన్న పుస్తకంలో లేదు.

కాబట్టి రెండో జవాబు: కీడు కూడా చేస్తాయి. ఆకలిని చూపించి కారణాన్ని దాచిపెడతాయి.

* * *

టీచరయ్యాక ఈ సంగతి వదల్లేదు. దొరికినంత చదివాను. మాటలు లెక్కపెట్టి పుస్తకాలు రాయడం అనే పని చాలావరకు మన ఉపఖండంలోనే ముదిరింది. మైఖేల్ వెస్ట్ అనే ఇంగ్లీషాయన 1920లలో ఢాకాలో ఉపాధ్యాయుల శిక్షణలో పనిచేసేవాడు. బెంగాలీ పిల్లల్లో చాలామంది చదువు మధ్యలోనే మానేస్తున్నారని చూశాడు. మానేసిన పిల్లకి అంతవరకు నేర్చుకున్న ఇంగ్లీషు ఏమన్నా పనికొస్తుందా అని అడిగాడు. ఆయన వాడిన మాట సరెండర్ వాల్యూ. ఇన్సూరెన్సు పాలసీ మధ్యలో ఆపేస్తే చేతికొచ్చే డబ్బు. 1926లో ద్విభాషా చదువుల మీద రాసిన పుస్తకంలో ఈ ప్రశ్న వేశాడు. మాట్లాడటం సంగతి తర్వాత, ముందు చదవడం రావాలి, చదవాలంటే తెలిసిన మాటలతో రాసిన పుస్తకాలుండాలి అన్నాడు. తనే రాశాడు. కొత్త మాట ఒకటి వస్తే దాన్ని పదేపదే తిప్పి వాడేవాడు. 1953లో వచ్చిన ఆయన పట్టీలో సుమారు 2000 మాటలున్నాయి.

ఈ మాట చదివినప్పుడు నేను చాలాసేపు ఆగిపోయాను. బడి మధ్యలో మానేసేది ఎవరు? మనవాళ్ళే. మనం మధ్యలో ఆపేస్తే చేతికి ఏమొస్తుందని అడిగిన మనిషి ఒకడున్నాడు. మన పంతుళ్ళు చాలామంది ఆ ప్రశ్న ఇప్పటికీ అడగరు. పదో తరగతి తప్పిన పిల్ల చేతిలో ఏముంది? గైడులో బట్టీ పట్టిన ఆరు జవాబులు. వాటికి సరెండర్ వాల్యూ సున్న.

ఇంకొకాయన సి.కె. ఆగ్డెన్. 1930లో 850 మాటలతో బేసిక్ ఇంగ్లీష్ అని తయారుచేశాడు. లోకంలో ఏ సంగతైనా ఈ 850తో చెప్పొచ్చు అన్నాడు. ఆ పట్టీ తెచ్చుకుని ఒక సాయంత్రం మాటమాటా చూశాను. లెదర్ ఉంది. షూ ఉంది. నీడిల్, త్రెడ్, హామర్, నెయిల్ ఉన్నాయి. కౌ ఉంది, స్కిన్ ఉంది. మా తాత పనిముట్లన్నీ అందులో ఉన్నాయి. విప్ కూడా ఉంది, కొరడా. క్యాస్ట్ లేదు. ఆ 850 మాటలతో మా తాత తోలు తియ్యొచ్చు, చెప్పు కుట్టొచ్చు, కొరడా దెబ్బ తినొచ్చు. ఎందుకు తిన్నాడో ఒక్క మాటలో చెప్పలేడు. ఆగ్డెన్ మనల్ని అవమానించాలని ఆ మాట తీసెయ్యలేదు. ఆయనకి దానితో పని పడలేదు. మా అమ్మకి మస్టరుతో పని పడింది. ఎవరి పని వాళ్ళ పట్టీ.

మాటల లెక్కలో నిజం లేదని అనను. ఒక పేజీ సాయం లేకుండా హాయిగా అర్థం కావాలంటే నూటికి 98 మాటలు తెలిసుండాలని పాల్ నేషన్ వంటి పరిశోధకులు 2000లో తేల్చారు. మా పదో తరగతి పిలకాయలకి వాళ్ళ ఇంగ్లీషు వాచకంలో ఒక పేజీ ఇచ్చి, తెలియని మాటల కింద గీత గియ్యమన్నాను. వెనక బెంచీల పిల్లల పేజీల్లో నూటికి ముప్పై గీతలు తేలాయి. అది చదవడం కాదు, ముళ్ళ మీద నడవడం. 2020 తర్వాత వచ్చిన సైన్సు, సోషలు, లెక్కల పుస్తకాల్లో ఒక పక్క ఇంగ్లీషు, ఎదురు పక్క తెలుగు వేశారు. మంచిదే. కానీ పిల్ల తెలుగు పక్కనే చదువుకుంటుంది. ఇంగ్లీషు పక్క కొత్త నోటులాగా నలగకుండా ఉంటుంది.

పుస్తకాలు కుప్పపోస్తే ఏమవుతుందో ఫిజీలో చూశారు. 1903 నుంచి మద్రాసు రేవులో ఓడలెక్కి మన తెలుగు కూలీలు కూడా చెరకు తోటలకి పోయిన దేశం అది. 1980 ప్రాంతంలో ఎల్లీ, మంగుభాయ్ అనే ఇద్దరు అక్కడి పల్లె బడుల్లో నాలుగు, ఐదు తరగతులకి తరగతికి 250 చొప్పున ఇంగ్లీషు కత పుస్తకాలు ఇచ్చి చదివించారు. మామూలు పాఠాలు చెప్పిన బడుల పిల్లలకన్నా వీళ్ళు చదవడంలో రెండింతల వేగంతో ముందుకు పోయారు. సులభమైన పుస్తకం ఒకటిచ్చి ఊరుకోలేదు. 250 ఇచ్చారు.

* * *

ఇప్పుడు నా తప్పు చెప్తాను. ఇది చెప్పడానికే ఈ వ్యాసం మొదలుపెట్టాను.

పదో తరగతి ఫలితాలంటే మా బడుల్లో భయం. ప్రీఫైనల్ కాగానే పిలకాయల్ని ఎ, బి, సి అని విడగొడతారు. సి అంటే తప్పేవాళ్ళు. వాళ్ళని 35 మార్కుల గట్టెక్కించాలి. ఒక సంవత్సరం ఇంగ్లీషుకి ఆ పని నాకిచ్చారు. పదహారు పేజీల బుక్‌లెట్ తయారుచేశాను. ఒక ఉత్తరం, ఒక ఫారం నింపడం, ఏ పాఠానికైనా అతికే నాలుగు వాక్యాల జవాబు, కొంచెం గ్రామరు. అన్నీ చిన్న చిన్న మాటలు. హెడ్మాస్టరు మెచ్చుకున్నారు. పక్క బడులవాళ్ళు కూడా జిరాక్సులు తీసుకున్నారు. నాకు గర్వంగానే ఉండింది.

పంచేరోజు పేర్లు పిలిచాను. పద్నాలుగు మంది. పేర్లు పిలుస్తూ ఉంటే నా గొంతు నాకే కొత్తగా వినపడింది. పదకొండు మంది మన వాడల పిలకాయలు. ముగ్గురు యానాది కాలనీ పిలకాయలు. పద్నాలుగూ అయిపోయినాయి. లావు వాచకాలు పట్టుకుని ముందు బెంచీల్లో కూర్చున్నవాళ్ళు తిరిగి చూస్తున్నారు.

ఒక పిల్ల ఆ బుక్‌లెట్ అటూ ఇటూ తిప్పి చూసింది. వాళ్ళమ్మ పొగాకు పనికి పోతుంది.

‘మేడమ్, మాకు సన్నదేనా? లావుది వాళ్ళకేనా?’ అనింది.

‘ఇది చదివితే పాసైపోతావమ్మా’ అన్నాను.

‘పాసైనాక?’

ఎదురు చెప్పాలని అనలేదు ఆ పిల్ల. నిజంగానే అడిగింది. నాకు జవాబు రాలేదు. ‘ముందు పాసవ్వు’ అని కసిరాను.

ఆ రాత్రి అన్నం దిగలేదు. హాస్టల్లో కంచం పట్టుకుని నిలబడిన పిల్ల గుర్తొచ్చింది. ఈసారి గరిటె నా చేతిలో ఉంది. ‘మీకింత చాలు’ అన్నది ఏ బోర్డో, ఏ లెక్చరరో కాదు. మాదిగపల్లె నుంచి వచ్చిన నేను. పైగా మేలు చేస్తున్నాననుకుని.

ఆ రెండు సన్న పుస్తకాలనీ పక్కపక్కన పెట్టి చూసుకున్నాను. అట్ట ఊడిన ఆలివరూ సన్నదే, నా బుక్‌లెట్టూ సన్నదే. మాటలు రెండింట్లోనూ తేలికే. కానీ ఆలివర్లో ఒక మొత్తం కత ఉంది. చదివితే ఇంకోటి కావాలనిపించింది. నా బుక్‌లెట్లో మొదలూ లేదు, చివరా లేదు. మార్చి నెలతో దాని పని సరి. ఒకటి పుస్తకాన్ని తగ్గించింది. రెండోది పిల్లనే తగ్గించింది. పుస్తకం సన్నదా లావుదా అని కాదు చూడాల్సింది. దాని తర్వాత ఇంకో పుస్తకం ఉందా లేదా అని.

* * *

పరీక్షలకి ఏడు వారాలుంది. బుక్‌లెట్ పారెయ్యలేదు. పారేసే ధైర్యం లేదు, 35 మార్కులు కూడా మన పిల్లకి చిన్నవి కావు. దాంతోపాటు రోజూ నాలుగు గంటల తర్వాత ఆ పద్నాలుగు మందినీ చెట్టుకింద కూర్చోబెట్టాను. అంబేద్కర్ రాసిన వెయిటింగ్ ఫర్ ఎ వీసా తీశాను.

బీఈడీలో ఉండగా నేను 1936 నాటి ఆయన కుల నిర్మూలన ఉపన్యాసం ఇంగ్లీషులో చదవబోయి బోర్లాపడ్డాను. అది పండితులతో వాదించేదానికి రాసింది. వీసా అట్లా కాదు. 1935, 36 ప్రాంతంలో, అంటరానితనం అంటే ఏమిటో తెలియని పరాయిదేశం వాళ్ళకి అర్థమయ్యేటట్టు తన అనుభవాలు, తనవాళ్ళ అనుభవాలు రాసిపెట్టుకున్నాడు. పుస్తకంగా 1990లో వచ్చింది. ఇరవై పేజీల సన్న పుస్తకం. కొలంబియా యూనివర్సిటీ విద్యార్థులు కూడా చదువుతారు. వాక్యాలు చాలావరకు తేలిక. మాటలు తేలిక. విషయం మాత్రం ఎక్కడా తేలిక చెయ్యలేదు.

మొదటి అనుభవం 1901 నాటిది. కోరేగావ్‌లో ఉద్యోగం చేసే తండ్రి దగ్గరికి పిల్లలు రైల్లో బయల్దేరతారు. మంచి బట్టలు, కొత్త టోపీలు. మసూర్ స్టేషన్లో దిగితే ఎవరూ రారు. వాళ్ళ కులం తెలిసి స్టేషన్ మాస్టరు వెనక్కి తగ్గుతాడు. బండివాళ్ళు బండి కట్టమంటారు. చివరికి రెట్టింపు కిరాయికి ఒకడు ఒప్పుకుంటాడు, బండి మాత్రం పిల్లలే తోలుకోవాలి. రాత్రంతా దగ్గర తిండి ఉంది, తాగేదానికి నీళ్ళు లేవు. ఎవరూ పొయ్యరు.

రోజుకి ఒక పేరా. తెలియని మాటలకి పక్కన నేనే తేలిక మాట రాసి జిరాక్సు తీశాను. మొత్తం మార్చలేదు. అన్‌టచబుల్ అనే మాటని ముట్టలేదు. పొల్యూషన్ అనే మాటని ముట్టలేదు. పొల్యూషన్ అంటే పిలకాయలకి బస్సు పొగ. ఇక్కడ మనిషే పొల్యూషన్ అని తెలిసేసరికి ఎవరూ మాట్లాడలేదు.

నీళ్ళ దగ్గరికి వచ్చిన రోజు ఒక పిల్లోడు లేచాడు. ‘మేడమ్, మా పెద్దనాయనకి టీకొట్లో గ్లాసు వేరేగా ఉండేదంట. ఆయనే కడిగి పెట్టాలంట.’

‘ఇంగ్లీషులో చెప్పు’ అన్నాను.

వాడు గింజుకున్నాడు. మై బిగ్ ఫాదర్ అన్నాడు. అందరూ నవ్వారు, వాడూ నవ్వాడు. గ్లాస్ అన్నాడు. వేరే అనేదానికి మాట కావాలి. ‘సెపరేట్’ అని అందించాను. ‘సెపరేట్ గ్లాస్’ అన్నాడు. ఆ మాట మళ్ళీ వాడికి చెప్పాల్సిన పని పడలేదు. మర్నాడు ఇంకో పిల్ల నోటు పుస్తకంలో సెపరేట్ ట్యాప్ అని రాసుకొచ్చింది. ఆ మాటలు ఏ పట్టీలో ఎన్నోవో నాకు తెలియదు. మా అమ్మ మస్టరు అనే మాట నేర్చుకున్నట్టు నేర్చుకున్నారు. అవసరం పడి.

తోటి టీచరు ఒకరు, ‘సిలబస్‌లో లేనిది ఎందుకు మేడమ్? కులం గొడవలు పిలకాయలకెందుకు?’ అన్నారు. పిలకాయలు పుట్టినప్పటి నుంచీ ఆ గొడవలోనే ఉన్నారని నేను అనలేదు. ‘రీడింగ్ ప్రాక్టీసు సార్’ అన్నాను. ఉద్యోగం చేసేవాళ్ళం ఇట్లాంటి అబద్ధాలు చాలా ఆడతాం.

పద్నాలుగు మందిలో పదకొండు మంది పాసయ్యారు. సప్లిమెంటరీలో ఇద్దరు గట్టెక్కారు. ఒక పిల్లోడు మానేసి చెన్నైకి పనికి పోయాడు. పాసైంది బుక్‌లెట్ వల్లనా, వీసా వల్లనా అంటే చెప్పలేను. పరీక్షకి బుక్‌లెట్టే పనికొచ్చి ఉంటుంది. చెన్నైకి పోయిన పిల్లోడికి ఏది పనికొస్తుందో మాత్రం నాకు తెలుసు. నాలుగు పేజీలైనా సాంతం చదివానన్న ధైర్యం. అదే వాడి సరెండర్ వాల్యూ.

‘పాసైనాక?’ అని అడిగిన పిల్ల ఇంటర్లో చేరింది. సెలవుల్లో ఇంటికొచ్చింది. నేను ఆవేశపడి నా ఆలివర్ ట్విస్ట్ లావు పుస్తకం చేతిలో పెట్టాను. పది రోజులకి తిరిగి తెచ్చింది.

‘ఇది నాకింకా ఎక్కలేదు మేడమ్. ఆ సన్నదానికంటే రొంత లావుది, దీనికంటే సన్నది, మనోళ్ళ కతలుండేది ఏదన్నా ఉంటే ఇయ్యండి’ అనింది.

బీరువా అంతా వెతికాను. చిన్న పిల్లలకి సులభమైన పుస్తకాలు ఇప్పుడు దొరుకుతున్నాయి. ప్రథమ్ బుక్స్‌వాళ్ళు 2015లో పెట్టిన స్టోరీవీవర్‌లో నాలుగు మెట్లుగా తెలుగులో, ఇంగ్లీషులో బోలెడు కతలున్నాయి, డబ్బు కట్టకుండా తీసుకోవచ్చు. ఆరో తరగతికి అవి వాడుతున్నాను. కానీ పదహారేళ్ళ పిల్లకి ఏనుగు, చిలక కతలు ఇస్తే మళ్ళీ తగ్గించినట్టే. ఆ పిల్లకి వచ్చిన మాటలు తక్కువ, చూసిన బతుకు ఎక్కువ. ఆ రెంటికీ సరిపోయే పుస్తకం నా బీరువాలో లేదు.

* * *

ఈ పుస్తకం చదివే మిత్రులారా, విద్యార్థులారా, మీలో చాలామంది నాకన్నా బాగా ఇంగ్లీషు వచ్చినవాళ్ళు. యూనివర్సిటీల్లో ఉన్నారు. మన బతుకుల మీద ఇంగ్లీషులో పెద్ద పెద్ద వ్యాసాలు రాస్తున్నారు. రాయండి. కానీ ఆ వ్యాసం సోమశిల కట్ట కింద వాడలో పిల్లకి అందదు. డ్యామ్‌లో నీళ్ళు మెట్టకి అందనట్టే. ఏడాదికి ఒక్క సన్న పుస్తకం రాయండి. ముప్పై పేజీలు చాలు. మాటలు తేలికగా ఉండనివ్వండి, కారణాన్ని తియ్యొద్దు. గంజి గిన్నె గురించి రాస్తే గరిటె ఎవరి చేతిలో ఉందో కూడా రాయండి. దాని తర్వాత ఇంకొంచెం లావుది రాయండి. సులభమైన పుస్తకాలు చదివేవాళ్ళని చూసి నవ్వకండి. ఒకప్పుడు మనవాళ్ళు నవ్వితే నేను ఏడాదిన్నర పోగొట్టుకున్నాను.

నా వంతు నేను మొదలుపెట్టాను. మా అమ్మ కత ఇంగ్లీషులో రాస్తున్నాను. మాటలు లెక్కపెట్టుకుంటూ, ఆ పిల్లకి తెలిసినవి ఏవో తెలియనివి ఏవో చూసుకుంటూ. అమ్మకి చదివి తెలుగులో చెప్తే, ‘నలభై మాటలకే అంత పుస్తకమా?’ అని నవ్వింది. మొదటి పేజీలోనే మస్టరు అనే మాట వస్తుంది. అది వెస్టు పట్టీలో లేదు, ఆగ్డెన్ పట్టీలో లేదు. తీసెయ్యను.